జీతం ఆపేస్తే ముందు పెద్దమనుషుల దగ్గరికా, లేబర్ ఆఫీసుకా? (బెజవాడ, గుంటూరు పనివాళ్ల సంగతి)

గాంధీనగరం_గళం:

వన్‌టౌన్ బట్టల షాపులో సేల్స్‌కు నిలబడే అమ్మాయి, ఆటోనగర్ షెడ్డులో టింకరింగ్ చేసే కుర్రాడు, గుంటూరు గోడౌన్లలో మిరపకాయలకు తొడిమలు తీసే ఆడకూలీలు. వీళ్లలో ఎవరి దగ్గరా అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉండదు. జీతం చేతికిస్తారు, లేదంటే ఓనరు ఫోన్ నుంచి పడుతుంది. మాట తేడా వచ్చి పని మానేస్తే చివరి రెండు నెలల డబ్బు ఆగిపోతుంది. "సోమవారం రా", "పండగ వెళ్లనీ" అంటూ తిప్పుతుంటారు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలన్న దాని మీద మన ఊళ్లలో రెండు మాటలు వినపడతాయి. అసోసియేషన్ పెద్దల్నో, ఓనరుకు బాగా తెలిసినవాళ్లనో మధ్యలో పెట్టి వచ్చినంత తీసుకుని బయటపడమని కొందరంటారు. ఆలస్యం చెయ్యకుండా లేబర్ ఆఫీసులో కాగితం పెట్టమని కొందరంటారు. నాది రెండో మాట. లెక్క తేలిగ్గా ఉండటానికి నెలకు 14,000 చొప్పున రెండు నెలలు, మొత్తం 28,000 బకాయి అనుకుని మాట్లాడుకుందాం. కాదనేవాళ్లు ఎందుకు కాదో రాయండి.

ఆటోనగర్_స్పానర్:

నేను కాదంటాను. రోజుకు 800 సంపాదించే మనిషి ఆఫీసుకు వెళ్లిన ప్రతి రోజూ 800 పోగొట్టుకుంటాడు. పిటిషన్ రాయించడానికి ఒక రోజు, ఇవ్వడానికి ఒక రోజు, ఆ తర్వాత ఆరు వాయిదాలు అనుకోండి. ఎనిమిది రోజులకు 6,400 పోయినట్టే. టైపింగు, జిరాక్సులు, ఆటో ఖర్చు వేరే. అవతలివాడు రెండు వాయిదాలు ఎగ్గొడితే ఇంకా పెరుగుతుంది. అదే ఇద్దరు పెద్దలు కూర్చుంటే 28,000లో 20,000 వారంలో చేతికొస్తుంది.

పైగా ఆటోనగర్‌లో షెడ్లన్నీ పక్కపక్కనే. బాడీ కట్టేవాళ్లు, పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు, సీట్లు కుట్టేవాళ్లు అందరూ ఒకరికొకరు పని చెప్పుకునేవాళ్లే. ఫలానా కుర్రాడు ఓనరు మీద కేసు పెట్టాడని తెలిస్తే నాలుగు షెడ్ల అవతలివాడు కూడా "ఇప్పుడు పనేం లేదు" అంటాడు. ఈ నష్టాన్ని ఏ చట్టం పూడుస్తుంది?

గవర్నర్‌పేట_జూనియర్:

అన్నా, మీ కూలి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ లేబర్ ఆఫీసులో ఇచ్చే కాగితాలు రెండు రకాలు. వాటిని విడదీసి చూడకపోతే ఈ చర్చ తేలదు.

మొదటిది ఫిర్యాదు. తెల్లకాగితం మీద రాసి సహాయ కార్మిక అధికారికి ఇస్తే ఆయన ఓనరుకు నోటీసు పంపి ఇద్దర్నీ కూర్చోబెడతారు. జాయింట్ మీటింగ్ అంటారు దీన్ని. అక్కడ ఓనరు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే డబ్బు కట్టమని ఆర్డరు వెయ్యడం ఆ మీటింగులో కుదరదు.

రెండోది క్లెయిమ్. వేతనాల కోడ్ 2019లో సెక్షన్ 45 కింద, అందుకోసం నియమించిన గెజిటెడ్ అధికారి ముందు వేసే దరఖాస్తు. ఆయన విచారించి ఆర్డరు ఇవ్వగలరు. బకాయి ఇప్పించడంతో పాటు పది రెట్ల దాకా పరిహారం కూడా వెయ్యవచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది.

చాలామంది ఫిర్యాదు ఇచ్చి, క్లెయిమ్ వేశామనుకుని ఏడాది తిరుగుతారు. ఆ ఏడాదంతా గడువు కరిగిపోతూనే ఉంటుంది, ఫిర్యాదుతో గడువు ఆగదు. ఏ కాగితం ఇస్తున్నామో పైన స్పష్టంగా రాయాలి: "వేతనాల కోడ్, సెక్షన్ 45 కింద దరఖాస్తు" అని.

కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం దాంతో రద్దయ్యాయి. పాత చట్టాల్లో గడువు ఒకదానికి 12 నెలలు, ఇంకోదానికి 6 నెలలు ఉండేది. ఇప్పుడు మూడేళ్లు. చెల్లింపు చట్టానికి నెలకు 24,000 అనే పరిమితి ఉండేది, అదీ పోయింది. కోడ్‌లో సెక్షన్ 17 ప్రకారం తీసేసినా, మనిషే మానేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క కట్టి ఇచ్చెయ్యాలి. "పండగ వెళ్లనీ" అనడానికి చట్టంలో చోటు లేదు.

ఒక జాగ్రత్త. బకాయి 2025 నవంబరుకు ముందుదైతే పాత గడువే లెక్కలోకి వస్తుందని అవతలి వకీలు వాదించవచ్చు. అలాంటివాళ్లు ఇంక ఒక్క వారం కూడా ఆగకుండా, ఆలస్యానికి కారణం కూడా పిటిషన్‌లోనే రాసి వెయ్యాలి.

ఆటోనగర్_స్పానర్:

మూడు నెలలని రాసుంటుంది తమ్ముడూ. వాయిదాలు ఆ లెక్క ప్రకారం పడవు. పోనీ ఆర్డరు వచ్చిందనుకో. డబ్బు ఎవడు వసూలు చేస్తాడు? అది చెప్పు.

గవర్నర్‌పేట_జూనియర్:

అన్నిటికన్నా బలహీనమైన మెట్టు అదే, దాచాల్సిన పని లేదు. ఆర్డరు ప్రకారం కట్టకపోతే అధికారి కలెక్టరుకు రికవరీ సర్టిఫికెట్ పంపుతారు. భూమిశిస్తు బకాయిలా వసూలు చెయ్యాలి. కాగితం కలెక్టరేట్ నుంచి తహశీల్దారుకు వెళ్తుంది. అక్కడ తేలేదేమిటంటే షాపు అద్దెది, ఇల్లు భార్య పేరున ఉంది, కారు ఫైనాన్సులో ఉంది.

అందుకే ఆస్తుల ఆచూకీ క్లెయిమ్ వేసే రోజుకే సిద్ధంగా ఉండాలి. జీతం ఏ ఖాతా నుంచి పడిందో పనివాడి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, బ్యాంకు ముద్రతో తీసుకోవాలి. గోడౌను అడ్రసు, డెలివరీ వ్యాను నంబరు, షాపు జీఎస్టీ నంబరు ఒక పేజీలో రాసి జత చెయ్యాలి. రికవరీ దశలో "ఈయన ఆస్తులు తెలియవు" అని ఫైలు వెనక్కి రాకుండా ఈ పేజీ కాపాడుతుంది.

వన్‌టౌన్_వోచరు:

షాపులకు లెక్కలు రాసే పని నాది. నోటీసు వచ్చాక కౌంటరు వెనక ఏం జరుగుతుందో రాస్తాను, ఇద్దరికీ పనికొస్తుంది.

మొట్టమొదట చూసేది పేరు. బోర్డు మీద ఉండేది వ్యాపారం పేరు. అసలు సంస్థ ఇంకో పేరుతో, తమ్ముడి పేరునో కోడలి పేరునో ఉంటుంది. బోర్డు చూసి పిటిషన్ రాస్తే "ఆ పేరుతో మాకు సంస్థ లేదు" అని ఒక్క మాటతో రెండు వాయిదాలు గడిచిపోతాయి. దీనికి మందు తేలిక. జీఎస్టీ ఉన్న షాపు తన నంబరును బోర్డు మీద రాయాలి, సర్టిఫికెట్ కనపడేలా పెట్టాలి. బిల్లు మీద ఎలాగూ ఉంటుంది. ఆ 15 అక్షరాల నంబరును జీఎస్టీ వెబ్‌సైటులో వెతికితే లాగిన్ లేకుండానే సంస్థ చట్టబద్ధమైన పేరు, వ్యాపారం పేరు రెండూ వస్తాయి. ఆ పేజీ ప్రింటు తీసి, "ఫలానా పేరుతో వ్యాపారం చేస్తున్న ఫలానా సంస్థ, దాని యజమాని" అని రాయాలి. జీఎస్టీ లేని చిన్న షెడ్డు అయితే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు మీద పేరు చూసుకోవాలి.

తర్వాత చూసేది సంతకాలు. చాలా షాపుల్లో నెలాఖరున వోచరు పుస్తకంలో సంతకం పెట్టించుకుంటారు. అంకె ఖాళీగా ఉన్న వోచర్ల మీద కూడా జనం సంతకం పెడతారు. ఆ ఖాళీలో తర్వాత ఏ అంకైనా పడొచ్చు. సంతకం పెట్టేవాళ్లు అంకె, తేదీ తమ చేత్తో రాయాలి. మొత్తం రాకపోతే "ఇంత మాత్రమే అందింది, మిగతా బాకీ" అని పక్కన రాయాలి. ఆ పేజీ ఫోటో తీసుకోవాలి.

మూడోది ప్రామిసరీ నోటు. పెళ్లికో, ఆసుపత్రికో 10,000 అడ్వాన్సు ఇచ్చి రెవెన్యూ స్టాంపు మీద ఖాళీ నోటు రాయించుకుంటారు. మనిషి లేబర్ ఆఫీసుకు వెళ్లగానే అందులో లక్షో, లక్షన్నరో పడి వకీలు నోటీసు వస్తుంది. సంతకం పెట్టి ఖాళీ నోటు ఇస్తే పట్టుకున్నవాడు నింపుకోవచ్చని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 20లోనే ఉంది. డబ్బు తీసుకోలేదని రుజువు చేసే భారం సంతకం పెట్టినవాళ్ల మీద పడుతుంది. నా మటుకు నాకు, నోటు ఓనరు బీరువాలో ఉన్న మనిషి ముందు పెద్దల ద్వారానే వెళ్లడం మంచిదనిపిస్తుంది. ఆ నోటు వెనక్కి రప్పించుకోవడమే అక్కడ మొదటి పని, జీతం రెండోది. స్పానర్ గారి మాటకు నేను ఓటు వేసేది ఇక్కడే.

గాంధీనగరం_గళం:

వోచరు గారూ, ఆ ఒక్క చోట కూడా ఓటు ఇవ్వను. నోటు ఓనరు దగ్గర ఉంటే కాగితం ఇంకా త్వరగా పెట్టాలి. క్లెయిమ్‌లోనే "అడ్వాన్సు 10,000 తీసుకున్నాను, ఖాళీ నోటు మీద సంతకం తీసుకున్నారు, ఇంత తీరింది" అని ముందే రాసి పెడితే, తర్వాత ఆ నోటులో లక్ష పడినా మన మాట తేదీతో సహా రికార్డులో ముందుంటుంది. పెద్దల దగ్గర కూర్చుని అదే మాట చెబితే దానికి తేదీ లేదు, ముద్ర లేదు.

పైగా అడ్వాన్సు ఉందని జీతం మొత్తం ఆపడానికి వీల్లేదు. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదని వేతనాల కోడ్ సెక్షన్ 18 చెబుతోంది.

గవర్నర్‌పేట_జూనియర్:

గళం గారి మాట సరైనదే, ఒక్క షరతుతో. నోటు మీద సివిల్ కోర్టు నుంచి సమన్లు వస్తే లేబర్ కేసు నడుస్తోంది కదా అని ఊరుకోకూడదు. 30 రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన మాట వినకుండానే తీర్పు, అయిపోతుంది. జీతం కేసు గెలిచినా దీన్ని ఓడితే చేతికేమీ మిగలదు.

వకీలు ఫీజు గురించి భయం వద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో అడగాలి, లేదా 15100కు ఫోన్ చెయ్యాలి. వాళ్లు వేసిన వకీలుకు విడిగా ఫీజు ఇవ్వక్కర్లేదు.

మిర్చియార్డ్_మాట:

మీరంతా నెల జీతాల గురించి రాస్తున్నారు. గుంటూరులో తొడిమలు తీసే ఆడవాళ్ల సంగతి వేరు. ఇక్కడ తూకానికి కూలి. పొద్దున తీసిన కాయ తూచి చీటీ రాసిస్తారు, వారానికోసారి చీటీలు లెక్కగట్టి డబ్బిస్తారు. సరుకు ఒకరిది, గోడౌను ఇంకొకరిది, మనుషుల్ని తెచ్చేది మేస్త్రమ్మ. చివరి రెండు వారాల డబ్బు ఆగితే ఎవర్ని అడగాలి? సరుకు యజమాని "మేస్త్రమ్మకు ఇచ్చేశాను" అంటాడు. మేస్త్రమ్మ "నాకు రాలేదు" అంటుంది.

ఇక్కడ జనం చేసే పెద్ద పొరపాటు, లెక్క కట్టాక చీటీలు తిరిగి ఇచ్చెయ్యడం. డబ్బు చేతికి రాకుండా చీటీ ఇవ్వకూడదు. ఇవ్వక తప్పకపోతే ఫోన్లో ఫోటో తీసి ఇవ్వాలి. సంచి మీద ఉండే మార్కు కూడా ఫోటో తియ్యాలి, ఆ మార్కును బట్టి సరుకు ఎవరిదో తెలుస్తుంది.

ఇంకో సంగతి. సీజను అయిపోయాక గోడౌను ఖాళీ. అప్పుడు వెళ్లి పిటిషన్ ఇస్తే నోటీసు "తాళం వేసి ఉంది" అని తిరిగొస్తుంది. గుంటూరులో కాగితం పెట్టాలంటే సరుకు కదులుతున్నప్పుడే పెట్టాలి. అప్పుడైతే లారీ లోడింగు ఆగుతుందన్న భయంతో ఓనరు దిగొస్తాడు. పెద్దలు మాట్లాడతారులే అని వాయిదా వేస్తే పోయేది ఆ సీజను రోజులే. అందుకని నేను కాగితం వైపు.

వన్‌టౌన్_వోచరు:

నోటీసు తిరిగి రావడం గురించి ఒక్క ముక్క. ఓనరుకు మనం కూడా ఒక కాపీ పోస్టులో పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరులో రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కావాలని అడిగి అదనంగా కట్టాలి. అడక్కపోతే మామూలు స్పీడ్ పోస్టుగా పోతుంది. షాపు అడ్రసుకు ఒకటి, ఇంటి అడ్రసుకు ఒకటి.

ఆటోనగర్_స్పానర్:

అక్కా, సీజను మాట ఒప్పుకుంటాను. కానీ నేను అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పేరు పడితే పని దొరకదు. దానికేంటి?

మిర్చియార్డ్_మాట:

దానికి గుంపుగా వెయ్యడమే, అన్నా. ఒక్క మనిషి పేరుతో వేస్తే ఆ మనిషి మీద ముద్ర పడుతుంది. కోడ్‌లో ఎంతమందికైనా కలిపి ఒకే దరఖాస్తు వెయ్యొచ్చు. సభ్యత్వం ఉంటే రిజిస్టరైన యూనియను కూడా వాళ్ల తరఫున వెయ్యొచ్చు. అప్పుడు పిటిషనర్ స్థానంలో యూనియను పేరుంటుంది, మనుషుల పేర్లు వెనక పట్టికలో ఉంటాయి. వాయిదాలకు కూడా అందరూ తిరగక్కర్లేదు. మీ 6,400 లెక్క పదిమంది మీద పంచితే ఎంతవుతుందో చూడండి.

ఆటోనగర్_స్పానర్:

గోడౌన్లో పాతికమంది కలిసి కూర్చుంటారు, కలిసి వెయ్యగలరు. షెడ్డులో ఉండేది ముగ్గురు. అందులో ఇద్దరు ఓనరు చుట్టాలు. మిగిలిన ఒక్కడికి ఏ యూనియనుందో చెప్పండి. అందుకే నా మాట అక్కడే ఉంది. ఒంటరి మనిషి, బకాయి పదివేల లోపు అయితే పెద్దల దగ్గరే తేల్చుకోవాలి. దాటితే ఆలోచిద్దాం.

గవర్నర్‌పేట_జూనియర్:

సరే, పెద్దల దగ్గరే తేల్చుకున్నారనుకుందాం. అక్కడ ఏం రాసుకుంటారన్నది ముఖ్యం. మామూలుగా జరిగేది: 28,000కి 18,000 ఇస్తామంటారు, 8,000 చేతిలో పెట్టి "మొత్తం ముట్టింది, ఇక ఏ బాకీ లేదు" అని సంతకం తీసుకుంటారు. మిగతా 10,000 వచ్చే నెల అంటారు. వచ్చే నెల రాదు. మళ్లీ అడిగితే ఆ కాగితం చూపిస్తారు.

కోడ్‌లో సెక్షన్ 60 చాలామందికి తెలియదు. రావలసిన జీతం వదులుకుంటున్నానని పనివాడు రాసిచ్చిన ఒప్పందం, ఓనరు బాధ్యతను తగ్గించేంత మేరకు చెల్లదు. అంటే 28,000 నిజంగా రావలసి ఉంటే, బయట 18,000కి సంతకం పెట్టినా ఆ పైన వదిలేసిన 10,000కి కూడా క్లెయిమ్ వేసుకోవచ్చు. ఆ కాగితం చూసి బెదిరిపోనక్కర్లేదు.

ఓనర్లకు చెప్పేదీ ఇదే. బయటి రాజీ కాగితం మీకు రక్షణ కాదు. నిజంగా ముగియాలంటే లోక్ అదాలత్‌కు రండి. కేసు వెయ్యకముందే, ప్రీ లిటిగేషన్‌గా, న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వొచ్చు. ఇద్దరూ ఒప్పుకుని అవార్డు రాస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కట్టకపోతే నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు.

గాంధీనగరం_గళం:

కానీ లోక్ అదాలత్‌లో అప్పీలు లేకపోవడం పనివాడికి కూడా వర్తిస్తుంది, అది గట్టిగా చెప్పాలి జూనియర్ గారూ. అక్కడ 15,000కి ఒప్పుకుంటే 15,000తో ముగిసినట్టే. అక్కడ కూర్చునే ముందే లెక్క పూర్తిగా వేసుకుని ఉండాలి. జీతం బకాయి ఎంత, ఓవర్‌టైము ఎంత. రోజుకు పన్నెండు గంటలు నిలబెట్టి మామూలు జీతమే ఇచ్చారంటే, చట్టం ప్రకారం మామూలు పని గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు రేటు లెక్క కట్టాలి. సేల్స్ అమ్మాయిల విషయంలో ఇది ఒక్కోసారి అసలు బకాయిని మించిపోతుంది. ఈ లెక్క తెలియకుండా "రెండు నెలల జీతంలో ఎంత తగ్గించుకుంటావు" అని అడిగితే తక్కువకే తల ఊపేస్తారు.

ఓనరు రాకపోతే లోక్ అదాలత్ ఏమీ చెయ్యలేదు. ఇద్దరి సమ్మతి మీదే నడుస్తుంది. అందుకే ముందు క్లెయిమ్ నంబరు ఉండాలి, రాజీ ఆ తర్వాత. నంబరు పడ్డాక ఓనరు తనంతట తనే ఫోన్ చేస్తాడు.

వన్‌టౌన్_వోచరు:

అది నిజం. నంబరున్న కాగితం వచ్చాక మాటల్లో మెత్తదనం వస్తుంది.

రాజీలో వాయిదాల మీద డబ్బు ఇస్తామంటే చెక్కులు తీసుకోవాలి. చెక్కు నంబరు, అంకె, తేదీ, "జీతం బకాయి కింద" అన్న మాట రాజీ కాగితంలో ఉండాలి. లేకపోతే తర్వాత "సెక్యూరిటీకి ఇచ్చిన చెక్కు" అంటారు. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లో కోర్టులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్కు బౌన్సు ఫిర్యాదు వెయ్యాలి. ఫిర్యాదు ఒక రోజు ఆలస్యమైనా కోర్టుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది; నోటీసు గడువు దాటితే ఆ బౌన్సు మీద సెక్షన్ 138 కేసే నిలవదు.

ప్రామిసరీ నోటు ఉంటే మొదటి చెక్కు చేతికొచ్చే రోజే అది వెనక్కి రావాలి. "వెతికి ఇస్తాం" అంటే, నోటు రద్దయిందని అదే కాగితంలో రాయించుకోవాలి.

సూర్యారావుపేట_సెక్షన్:

చర్చ మొత్తం చదివాను. పోలీస్ స్టేషను మాట ఎవరూ ఎత్తలేదు. చాలామంది మొదట పరిగెత్తేది అక్కడికే. జీతం ఇప్పించడం స్టేషను పని కాదు, అది వాళ్ల అధికారంలో లేదు. అక్కడ కూర్చోబెట్టి ఇప్పించినా రసీదు ఉండదు.

అసలు జాగ్రత్తపడాల్సింది ఎదురు ఫిర్యాదు గురించి. జీతం గట్టిగా అడగగానే "కౌంటరులో డబ్బు పోయింది", "స్పేర్ పార్టులు కనపడటం లేదు" అని బెదిరిస్తారు. పనివాడు యజమాని సొత్తు దొంగిలించాడన్న ఆరోపణకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 306లో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి బెదిరింపు చిన్నది కాదు. పని మానేసే రోజున తాళాలు, సరుకు, పనిముట్లు, షాపు ఫోను ఏవి అప్పగించారో జాబితా రాసి ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి. జవాబు రాకపోయినా పరవాలేదు, పంపిన తేదీ మిగులుతుంది. స్టేషనుకు రమ్మంటే లిఖితపూర్వకంగా నోటీసు అడగాలి. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు అవసరం లేనప్పుడు, పోలీసులు ఎలా నడుచుకోవాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చే పిలవాలి. నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లాలి, వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

గవర్నర్‌పేట_జూనియర్:

మంచి మాట కలిపారు. సాక్ష్యం గురించి ఒకటి చెప్పాలి. కోడ్‌లో సెక్షన్ 59 ప్రకారం జీతం ఇచ్చామని రుజువు చెయ్యాల్సింది ఓనరే. ఇది పనివాళ్లకు పెద్ద బలం. కానీ ఓనర్లు ఈ బలాన్ని దాటడానికి ఒక్కటే మాట వాడతారు: "ఈ మనిషి మా దగ్గర పనే చెయ్యలేదు." ఆ సంబంధం మాత్రం మనమే చూపించాలి.

ఓనరు ఖాతా నుంచి పడిన పాత జీతాలు అన్నిటికన్నా గట్టివి. చేతికి నగదు ఇచ్చే చోట షాపు వాట్సాప్ గ్రూపు పనికొస్తుంది. "రేపు స్టాకు వస్తుంది, ఎనిమిదికి రండి" అన్న ఓనరు మెసేజి ఒక్కటి ఉన్నా చాలు. గ్రూపులోంచి తీసేయకముందే చాట్ ఎక్స్‌పోర్టు చేసి ఈమెయిలుకు పంపుకోవాలి. ప్రింట్లు పిటిషన్‌కు జత చెయ్యాలి, ఫోను మాత్రం కేసు తేలేదాకా మార్చకూడదు. వ్యవహారం కోర్టుకు వెళ్తే ఆ ప్రింట్లు ఫోనులోంచి తీసినవేనని ధ్రువీకరించే సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, దానికి ఆ ఫోను అవసరం. యూనిఫాంలో ఫోటోలు, ఈఎస్ఐ నంబరు, మన చేతిరాతతో ఉన్న బిల్లులు ఏవి ఉన్నా వదలొద్దు. తోటి పనివాడి సాక్ష్యం మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇంకా అక్కడే పనిచేస్తున్న మనిషి వచ్చి చెప్పడం కష్టం, అలా చెప్పమని అడగడమూ న్యాయం కాదు.

ఆటోనగర్_స్పానర్:

ఇది పనికొచ్చే మాట. అయితే గుత్త పని సంగతేంటి? లారీ బాడీకి ఇంత అని ఓనరు మేస్త్రీతో మాట్లాడుకుంటాడు. మేస్త్రీ నలుగుర్ని పెట్టుకుంటాడు. బండి డెలివరీ అయ్యాక మేస్త్రీ ఫోను స్విచాఫ్. కుర్రాళ్లకు షెడ్డు ఓనరు ఒక్క రూపాయి కూడా స్వయంగా ఇచ్చినట్టు ఉండదు. మీ బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ గ్రూపు ఇక్కడ ఏం చేస్తాయి?

గవర్నర్‌పేట_జూనియర్:

గుత్తలో ఇద్దర్ని వేరుగా చూడాలన్నా. మేస్త్రీ కింద కూలికి చేసిన నలుగురూ పనివాళ్లే, కూలి రోజుకిచ్చినా పనికిచ్చినా తేడా లేదు. వాళ్లకు మేస్త్రీ ఇవ్వకపోతే ఆ సంస్థ యజమాని బాధ్యుడని కోడ్ సెక్షన్ 43లో ఉంది. కాబట్టి ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టాలి, ఒకటో ప్రతివాది మేస్త్రీ, రెండో ప్రతివాది షెడ్డు ఓనరు. మేస్త్రీ ఒక్కడి మీదే వేస్తే వసూలు కాదు.

రుజువు కోసం బండి దొరకబుచ్చుకోవాలి. ప్రతి లారీకి చాసిస్ నంబరు ఉంటుంది. పనిలో ఉన్నప్పుడు ఆ నంబరు, వెనక షెడ్డు కనపడేలా ఒక ఫోటో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ పని చేశామో నోటు పుస్తకంలో రెండు ముక్కలు. ఆ బండికి బాడీ తామే కట్టామని షెడ్డు ఓనరు బిల్లు ఇచ్చి ఉంటాడు కాబట్టి బండే తమది కాదని అనలేడు.

మేస్త్రీ తనకే ఓనరు ఎగ్గొడితే అది వేరు. తను సొంతంగా గుత్త పట్టిన మనిషైతే లేబర్ ఆఫీసులో "ఈయన కాంట్రాక్టరు" అని వాదన వస్తుంది. అది సివిల్ దావా వ్యవహారం కావచ్చు, దానికీ మూడేళ్ల గడువే.

ఆటోనగర్_స్పానర్:

చాసిస్ నంబరు ఫోటో తియ్యమని కుర్రాళ్లకు చెప్పడం తేలిక, చెప్తాను. పదివేల లోపు సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను. పెద్దల దగ్గర కూర్చున్నా చెక్కు నంబరుతో కాగితం రాసుకోవాలన్నది ఒప్పుకుంటున్నాను.

మిర్చియార్డ్_మాట:

జూనియర్ గారూ, గుంపుగా వేసే దరఖాస్తులో మనుషుల వివరాలు ఎలా పెట్టాలో ఒకసారి రాయండి. సంతకం రానివాళ్లు చాలామంది ఉన్నారు. ఆధార్‌లో పేరు ఒకటి, చీటీ మీద పిలుపు పేరు ఇంకొకటి.

గవర్నర్‌పేట_జూనియర్:

అక్కా, పిటిషన్ ఒకటే, వెనక ఒక పట్టిక. వరుస నంబరు, ఆధార్‌లో ఉన్నట్టు పేరు, పక్కనే "అలియాస్" అని చీటీ మీది పిలుపు పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని, మొత్తం ఎన్ని కిలోలు, కిలోకు రేటు, రావలసింది, అందింది, బాకీ. చివర్లో బాకీల మొత్తం. పిటిషన్‌లో అడిగిన అంకె, ఈ మొత్తం పైసాతో సహా ఒకటే ఉండాలి. తేడా వస్తే సరిచేసి తెమ్మని వెనక్కిస్తారు.

సంతకం రానివాళ్ల వేలిముద్ర ఎదురుగా "చదివి వినిపించగా ఒప్పుకుని వేసిన వేలిముద్ర" అని రాసి, చదివి వినిపించినవాళ్లు సంతకం చెయ్యాలి. ఆడవాళ్లకు సాధారణంగా కుడి బొటనవేలు, మగవాళ్లకు ఎడమ. చీటీల ఫోటోలను పట్టికలోని వరుస నంబరు ప్రకారం పేర్చి ప్రింటు తియ్యండి, ఒరిజినల్ చీటీలు ఇవ్వొద్దు, విచారణ రోజు చూపించి వెనక్కి తెచ్చుకోండి. అధికారికి ఒక సెట్టు, ప్రతివాది ఒక్కొక్కరికి ఒక సెట్టు, మీ దగ్గర ఒకటి. మీ సెట్టు మొదటి పేజీ మీద కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాకే అక్కడి నుంచి కదలండి.